తేట

విన్నిత్సియాలో రాత్రి పదకొండున్నర.
కరెంటు పోయింది. ఈ వారంలో ఇది నాలుగోసారి.
జనరేటరు ఆపరేషన్ గదికి చాలుతుంది,
నేలమాళిగలో ఉన్న నా ఇంకుబేటరుకు చాలదు.

అరచేతంత ప్లాస్టిక్ పళ్ళెం.
అడ్డంగా పన్నెండు, నిలువుగా ఎనిమిది గుంటలు,
ఒక్కో గుంటలో నాలుగు చుక్కల రసం,
రసంలో జెనోవీ తొడలోంచి తీసిన పురుగు.

జెనోవీ ట్రాక్టర్ల మెకానిక్కు.
ఇప్పుడు మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం.
తొడలోని ఇనుపముక్క తీసి ఆరు వారాలు.
ఇనుము పోయింది, దాని వెంట వచ్చింది పోలేదు.
క్లెబ్సియెల్లా దాని పేరు.
మేం పంపిన మందులన్నీ దాని గుమ్మం దాకా వెళ్ళి
గొళ్ళెం తట్టి తిరిగొచ్చాయి.
లొంగలేదని రాయడానికి మాకు ఒకే అక్షరం:
ఆర్, ఆర్, ఆర్, ఆర్.
డాక్టర్ లుబోమీర్ చదివి
"ఇది రిపోర్టా, కుక్క గుర్రుమంటోందా?" అన్నాడు.

మిగిలినవి రెండు.
ఒకటి కొలిస్టిన్. మా అమ్మ ఈడుది.
మూత్రపిండాల్ని కొరుకుతుందని
ఏళ్ళ తరబడి అటకెక్కించిన ముసలి మందు.
రెండోది రిఫాంపిసిన్, ఇటుక రంగుది,
క్షయ వార్డులో కొలువు చేసేది.
ముసలిది గోడకు కన్నం వేయగలదు, లోపలికెళ్ళి ఏమీ చేయలేదు.
ఎర్రదానికి లోపలి పని తెలుసు, గోడ దాటలేదు.
అందుకే ఈ పళ్ళెం.
కుడికి పోయేకొద్దీ ఒకటి రెట్టింపు,
కిందికి పోయేకొద్దీ ఇంకొకటి.
ఏ గడిలో, ఎంతెంత పాళ్ళలో వాటికి పొత్తు కుదురుతుందో
తెలియాలంటే పద్దెనిమిది గంటలు
ముప్పై ఐదు డిగ్రీల వెచ్చదనం కావాలి.

అదే ఇప్పుడు లేదు.

పళ్ళేనికి టేపు చుట్టి, రెండు సంచుల్లో బిగించి
మా ఆయన చేపల వేటకు తీసుకెళ్ళిన ఐసుపెట్టెలో పెట్టాను.
చలిని దాచడానికి కొన్నది, ఈ చలికాలం వేడిని దాస్తోంది.
ఇక ఇంటికి రాదు అది.
గ్యాసు మీద నీళ్ళు కాచి సీసాల్లో నింపాను.
నా కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు
స్నానపు తొట్టిలో తేలిన బాతు థర్మామీటరు
మూత సందులోంచి నన్నే చూస్తోంది.
ముప్పై మూడు. సీసా మార్చు.
ముప్పై ఏడు. మూత కాస్త తెరువు.
పిల్లకు కూడా ఇన్నిసార్లు లేవలేదు నేను.
ఎవరి కోసం లేస్తున్నానో తలుచుకుంటే నవ్వొచ్చింది:
చంపాల్సిన దాన్ని
చలి తగలకుండా సాకుతున్నాను.
బాగా బతకాలి అది.
చలికి చచ్చిందంటే
మందు చంపిందని పళ్ళెం అబద్ధం చెబుతుంది.

మర్నాడు సాయంత్రం నాలుగు. అప్పటికే చీకటి.
నల్ల కాగితం మీద పళ్ళెం పెట్టి టార్చి వేశాను.
పై వరుస, ముసలిది ఒంటరిగా. మడ్డి.
ఎడమ వరుస, ఎర్రది ఒంటరిగా. మడ్డి.
నడిమి గడుల నుంచి కుడి చేతి మూలకు
మెట్లు మెట్లుగా దిగుతూ
లేత నారింజ ఛాయలో, కింద పెట్టిన అక్షరం చదవగలిగేంత
తేట.

రెండు చేతులు కలిస్తేనే చప్పుడంటారు.
ఇక్కడ రెండూ కలిసిన చోట
చప్పుడు ఆగింది.

"పళ్ళెంలో గెలిచింది. మనిషిలో?" అన్నాడు లుబోమీర్.
తెలియదన్నాను.
మోతాదు రాశాడు, కొట్టేశాడు, తగ్గించి రాశాడు.
మూత్రపిండాల లెక్క రోజూ పంపమన్నాడు.

ఐదో రోజు రక్తం తీయడానికి పైకి వెళ్ళాను.
జ్వరం ఒక్క డిగ్రీ తగ్గింది, అంతే.
జెనోవీ దిండు చూపించాడు,
గలేబు మీద రూపాయంత నారింజ మరక.
"అక్కా, నేను తుప్పు పడుతున్నానా?"
మందు రంగు అని చెప్పాను. చెమటలో వస్తుంది,
కన్నీళ్ళలో వస్తుంది.
అతను కిటికీ వైపు తిరిగాడు.
"అయితే రాత్రి సంగతి అందరికీ తెలిసిపోతుందన్నమాట."

కంటిదాకా వెళ్ళిన మందు
తొడదాకా కూడా వెళ్ళే ఉంటుంది, అనుకున్నాను.
పైకి ఏమీ అనలేదు.
దిండు తిరగేసి వేశాను.